పడవకి వెనక గట్టే అసలు గట్టు



ఈసారి పంట గురించి కాదు, పడవ గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. వరద రోజులు రాకముందే చదవండి, మీ పడవ నడిపే అబ్బాయికి కూడా చదివి వినిపించండి.

నా మాట ముందే చెప్పేస్తాను. మన చిన్న ఇంజను పడవల్లోకి నీళ్ళు వచ్చేది ఎక్కువగా ముందు నుంచి కాదు, వెనక నుంచి. ఆ వెనక భాగాన్ని పాడుచేసేది గోదారి కాదు, పడవ అబ్బాయి కూడా కాదు. చాలాసార్లు మనమే, అంటే సరుకు ఎక్కించే రైతులం. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

రెండేళ్ళ కిందట వరదల్లో జరిగింది చెప్తాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని మనందరికీ తెలుసు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అని ఫోన్లో మెసేజ్ పడగానే లంకలో మన పరుగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కోతకి వచ్చిన గెలలు, మోటారు, పైపులు, కందకి తెచ్చిన ఎరువు బస్తాలు, అన్నీ చీకటి పడకముందే ఒడ్డుకి చేరాలి. ఆ రోజు నాకూ అదే తొందర. పడవలో గెలలు సర్దేశాక గట్టు మీద ఇంకో పది గెలలు మిగిలాయి.

"తమ్ముడూ, ఈ పదీ కూడా ఎక్కించేద్దాం. వీటికోసం మళ్ళీ ఓ ట్రిప్పు ఎందుకు?" అన్నాను.

"బరువైపోద్దండి, వెనకాల ఇప్పటికే దిగిపోయింది" అన్నాడు వాడు.

"ఏం కాదులే, నెమ్మదిగా పోదాం" అన్నాను. ఆ పదీ ఎక్కడ పెట్టాం? ముందు, మధ్యలో ఖాళీ లేదు కాబట్టి వెనక, ఇంజను పక్కనే పెట్టాం. పెట్రోలు డబ్బా అక్కడే, వాడూ అక్కడే, వాడి పక్కన నేనూ అక్కడే. ముందు కోతకి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడకి ఈత రాదు.

నది దాటేశాం, ఏమీ కాలేదు. రేవు ఇంకో ఇరవై గజాలు ఉందనగా ఒక దుంగ కొట్టుకొస్తుంటే వాడు రేసు ఒక్కసారిగా తగ్గించాడు. దుంగ తప్పుకుంది గానీ, మా వెనక మేం లేపుకుంటూ వచ్చిన అలే మమ్మల్ని అందుకుంది. ఇంజను బిగించిన చోట వెనక చెక్క మీద నుంచి నీళ్ళు పొర్లి లోపలికి వచ్చేశాయి. కాళ్ళు తడిశాయి అనుకునే లోపు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇంజను మునిగి ఆగిపోయింది. అక్కడ నడుం లోతే ఉంది కాబట్టి దిగి నడిచి బయటపడ్డాం. అదే నది మధ్యలో అయ్యుంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. నా సంగతి వదిలేయండి, ఈత రాని ఆ అక్కకి నేనేం సమాధానం చెప్పేవాణ్ణి?

మర్నాడు రేవులో అందరూ పడవ అబ్బాయినే అన్నారు. "వాడికి రేసు తగ్గించడం రాదు" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ పది గెలల సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. మనం రైతులం కాబట్టి మన భాషలోనే చెప్తాను.

మడికి నాలుగు వైపులా గట్టు మోకాలెత్తు వేసి, ఒక మూల జానెడు తగ్గించి వదిలేస్తే ఆ మడిలో నీళ్ళు ఎంత నిలుస్తాయి? ఆ మూల ఎంత ఎత్తుందో అంతే. మిగతా గట్టు ఎంత ఎత్తున్నా లెక్కలోకి రాదు. పడవా అంతే, కాకపోతే తిరగేసిన మడి. నీళ్ళు బయట ఉంటాయి, లోపలికి రాకూడదు. ఇంజను తగిలించడానికి వెనక చెక్కని మధ్యలో కోసి తగ్గిస్తాం చూడండి, పడవ మొత్తానికి పల్లం అదే. పక్క చెక్కలు రెండడుగులు ఉన్నాయి, ముందు భాగం ఏనుగులా లేచి ఉంది అని మురిసిపోతాం. నది చూసేది మాత్రం ఆ కోతనే.

ఆ కోత ఎంత ఉండాలన్నది ఇంజను కాడని బట్టి ఉంటుంది. వెనక తగిలించే ఇంజన్లలో పొట్టి కాడవి 15 అంగుళాల చెక్కకి, పొడుగు కాడవి 20 అంగుళాల చెక్కకి సరిపోయేలా చేస్తారు. పంకాకి కాస్త పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది కదా, అది పడవ అడుగుతో ఇంచుమించు సమానంగా ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు. ఇప్పుడు లెక్క చూడండి. పొట్టి కాడ ఇంజనుకి చెక్క అడుగు నుంచి కోత దాకా 15 అంగుళాలు. బరువుతో పడవ వెనక భాగం 8 అంగుళాలు దిగితే నీటికీ మనకీ మధ్య మిగిలేది 7 అంగుళాలు. పొడుగు కాడ అయితే 12 అంగుళాలు మిగులుతుంది. ఆ 5 అంగుళాల తేడాలో ప్రాణాలు ఉన్నాయండి.

మనవాళ్ళు చేసేదేంటి? ఎక్కడో సెకండ్ హ్యాండులో పొట్టి కాడ ఇంజను చవగ్గా దొరికిందని తెస్తారు. పంకా నీళ్ళలోకి సరిగ్గా అందట్లేదని, బాగా ఉన్న వెనక చెక్కని రంపం పెట్టి ఇంకో 5 అంగుళాలు కోసేస్తారు. పదివేలు మిగిలిందని సంబరం. ఇంజను కోసం పడవని కోయకండి. పడవ చెక్క కొలుచుకుని వెళ్ళి, దానికి తగ్గ కాడ ఉన్న ఇంజనే కొనండి.

తర్వాతది బరువు. ట్రాక్టరుకి వెనక లోడు ఎక్కువైతే ముందు చక్రాలు లేచిపోవడం మనందరం చూసిందే. నీటి మీద అది ఇంకా మోసం చేస్తుంది. 18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న పడవ అనుకోండి. సరిగ్గా మధ్యలో 100, 120 కిలోలు పెడితే పడవంతా సమానంగా ఒక అంగుళం దిగుతుంది. అదే బరువు తీసుకెళ్ళి చిట్టచివర వెనక పెడితే ముందు లేచి, వెనక మూడు అంగుళాల దాకా దిగిపోతుంది. 70 కిలోల మనిషి మధ్యలో కూర్చోవడం వేరు, ఇంజను పక్కన కూర్చోవడం వేరు. పది గుర్రాల ఇంజనే ఇంచుమించు 40 కిలోలు ఉంటుంది. దానికి తోడు పెట్రోలు డబ్బా, బ్యాటరీ, నడిపేవాడు. ఇవన్నీ వెనకే. అంటే ఒక్క గెల ఎక్కించకముందే వెనక భాగం సగం అప్పులో ఉంది. నేను ఆ రోజు ఆ అప్పు మీద ఇంకో పది గెలలు, నా 80 కిలోలు వేశాను.

కాబట్టి బరువైన సరుకు మధ్యలో, కాస్త ముందుకి పెట్టాలి. మరీ ముందుకి తోసేసినా ముక్కు అలలో దూరుతుంది, అదీ తప్పే. ఇంజను కాడ కాస్త పొడుగు గొట్టంతో ఉంటే పెట్రోలు డబ్బాని మధ్యకి జరపొచ్చు. బ్యాటరీకి నాలుగు గజాల మంచి మందం వైరు వేస్తే అదీ ముందుకి వస్తుంది. వెనక నడిపేవాడు తప్ప ఇంకో మనిషి కూర్చోకూడదు, ఆ పడవ యజమాని అయినా సరే, చేను యజమాని అయినా సరే.

మూడోది నడక. వేగంగా పోతున్న పడవ వెనక ఒక అలని లాక్కుంటూ పోతుంది. రేసు ఒక్కసారి మూసేస్తే పడవ ఆగుతుంది గానీ అల ఆగదు. అది వచ్చి ఎక్కడ పల్లం ఉందో అక్కడ ఎక్కుతుంది. మాకు జరిగింది ఇదే. రేసు మెల్లమెల్లగా తగ్గించాలి. తప్పనిసరై ఒక్కసారి తగ్గిస్తే, వెనక అల దగ్గరకి వచ్చే సమయానికి మళ్ళీ కొంచెం రేసు ఇస్తే పడవ దాని ముందు జారుకుంటుంది. పంటు గాని పెద్ద లాంచీ గాని దాటినప్పుడు దాని అలకి వీపు చూపించకండి, ముక్కు తిప్పండి. రివర్సులో లోడు పడవని గట్టిగా లాగితే వెనక చెక్క పారలా నీళ్ళు తోడి లోపల పోసుకుంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది కదా, ప్రవాహానికి అది ఎదురైనప్పుడు అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ఆ వేళకి ముందే లోడు ట్రిప్పులు ముగించుకోవడం మంచిది.

లంగరు గురించి ఒక్క మాట. వలకో, ఇసుక మేట దగ్గర ఆగడానికో వెనక నుంచి తాడు వేసే అలవాటు కొందరికి ఉంది. ప్రవాహంలో అది చాలా ప్రమాదం. తాడు వెనక భాగాన్ని కిందికి గుంజుతుంది, ప్రవాహం నేరుగా ఆ కోత మీదకి ఎక్కుతుంది. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే. వెనక నుంచి వేసి ఇరుక్కుంటే తాడు విప్పుతూ కూర్చోకండి, కత్తితో కోసేయండి. తాడు మళ్ళీ కొనుక్కోవచ్చు.

నాలుగోది చిల్లులు. పైనుంచి వచ్చే నీళ్ళు కంటికి కనిపిస్తాయి, కింద నుంచి వచ్చేవి కనపడవు. ఫైబరు పడవల వెనక అడుగున నీళ్ళు వదిలే రంధ్రానికి బిరడా ఉంటుంది. ఆ రంధ్రం అంగుళం ఉండి, నీటి మట్టానికి అర అడుగు కింద ఉంటే నిమిషానికి సుమారు 30 లీటర్లు లోపలికి వస్తాయి. పది నిమిషాలకి 300 లీటర్లు, అంటే 300 కిలోలు. కొత్త బిరడా యాభయ్యో వందో ఉంటుంది. ఒకటి పెట్టుకుని ఇంకోటి డబ్బాలో ఉంచుకోండి. ఆ బిరడాకి చిన్న తాడు కట్టి ఇంజను తాళంతో కలిపి పెట్టండి, బిరడా బిగించకుండా ఇంజను స్టార్ట్ చేసే పని ఉండదు.

ఇంజను బోల్టుల రంధ్రాలు ఇంకో దొంగదారి. చాలా ఫైబరు పడవల వెనక చెక్క లోపల ప్లైవుడ్డే ఉంటుంది. బోల్టు చుట్టూ జిగురు సరిగ్గా పెట్టకపోతే నీళ్ళు లోపలికి దిగి ప్లైవుడ్డు కుళ్ళిపోతుంది, పైన ఫైబరు మాత్రం నిగనిగలాడుతుంది. చిన్న సుత్తితో వెనకంతా తట్టి చూడండి. గట్టి చోట టక్ టక్ మంటుంది, కుళ్ళిన చోట మూగగా బొప్పరిస్తుంది. ఇంజనుని చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి, చెక్క కదిలితే ఆ పడవని నదిలోకి దింపకండి. చెక్క పడవ అయితే వెనక పలక, పక్క పలక కలిసే అతుకుల్లో దూది, గుగ్గిలం ఏటా చూసుకోవాల్సిందే. ఎండాకాలం ఒడ్డున ఎండిన పడవ అతుకులు విచ్చుకుంటాయి. దాన్ని దింపిన రోజే లోడు వేయకండి, రెండు రోజులు నీళ్ళలో నాననివ్వండి.

అయిదోది నేను నా డబ్బుతో చేయించిన పని, అందరూ చేయించుకోవాలని కోరేది. ఇంజను కోతకి ముందు, పడవ లోపలి వైపు, పక్క నుంచి పక్కకి అడ్డంగా ఒక చెక్క గోడ కట్టించడం. దాని ఎత్తు పక్క చెక్కలతో సమానం. అంటే ఇంజను ముందు ఒక తొట్టి తయారవుతుంది. కోత మీద నుంచి అల ఎక్కినా ఆ తొట్టిలోనే పడుతుంది, తొట్టికి వెనక వైపు పెట్టిన రెండు రంధ్రాల నుంచి మళ్ళీ నదిలోకే పోతుంది. ఆ రంధ్రాలు లోడుతో ఉన్నప్పుడు కూడా నీటి మట్టానికి పైనే ఉండాలి, బయట వైపు రబ్బరు ముక్క వేలాడదీస్తే నీళ్ళు వెనక్కి రావు. వైర్లు, పెట్రోలు గొట్టం వచ్చే రంధ్రం తొట్టి గోడలో పైనే ఉండాలి. కొత్తగా కొనే ఫైబరు పడవల్లో ఇది చాలావాటికి ఉంటుంది. జాగా తింటోందని కోసి పారేసిన మహానుభావులు కూడా మన రేవుల్లో ఉన్నారు. అది జాగా తినడం కాదు, గండి పడకుండా వేసిన రెండో గట్టు.

ఆరోది కట్టేసిన పడవ. పోటు ఆటు ఉన్న కింది లంకల వాళ్ళకి ఇది బాగా తెలుసు. పోటు మీద ముక్కుని బురద గట్టు ఎక్కించి కట్టేసి ఇంటికి పోతాం. ఆటుకి నీళ్ళు దిగితే ముక్కు గట్టు మీదే ఉండిపోతుంది, వెనక భాగం ఇంజను బరువుతో వాలిపోతుంది. పైనుంచి వాన పడితే ఆ నీళ్ళన్నీ వెనక్కే చేరతాయి. తెల్లారి వెళ్ళేసరికి ముక్కు ఒక్కటే పైకి ఉంటుంది. తాడు వదులుగా కట్టండి, వాన రోజుల్లో టార్పాలిన్ కప్పండి, రెండు రోజులు పనిలేకపోతే ఇంజను విప్పి ఇంటికి తెచ్చుకోండి.

ఇదంతా వింటే మా బాబాయి ఒకాయన, "డబ్బా ఉందిగా రా, తోడేస్తే పోలా? ఇన్నేళ్ళూ తోడుకుంటూనే తిరిగాం" అన్నాడు. బాబాయి మాట కొట్టిపారేయను. ఆయన కాలంలో గడతో, తెడ్డుతో పోయే పడవ. దాని వెనక 40 కిలోల ఇంజనూ లేదు, ఈ కోతా లేదు. ఇప్పటి లెక్క వేరు. రెండడుగుల వెడల్పు కోత మీద నుంచి మూడు అంగుళాల మందాన నీళ్ళు పొర్లితే సెకనుకి ఇంచుమించు 20 లీటర్లు లోపలికి వస్తాయి. తూము మీద నీళ్ళు పొర్లడం చూసినవాళ్ళకి ఇది ఆశ్చర్యం కాదు. బ్యాటరీ పంపు డబ్బా మీద గంటకి 2000 లీటర్లు అని రాసి ఉంటుంది, అంటే నిమిషానికి 33 లీటర్లు. సెకనుకి 20 ఎక్కడ, నిమిషానికి 33 ఎక్కడ? పైగా లోపల అంగుళం నీళ్ళు నిలిస్తే పడవ ఇంకో అంగుళం దిగుతుంది. దిగిన కొద్దీ ఇంకా ఎక్కువ ఎక్కుతాయి. ఆ నీళ్ళు బస్తాలా ఒకచోట ఉండవు, ఎటు వాలితే అటు పరిగెత్తుతాయి. డబ్బా ఉండాలి, పంపూ ఉండాలి. అవి కారే నీళ్ళకి, పొర్లే నీళ్ళకి కాదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. మన మీద మనకే.

పడవ మునిగితే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎవడు నడిపాడు?" అని. "ఎవడు ఎక్కించాడు?" అని అడగం. నడిపే అబ్బాయి మన ఊరి వాడే, మన సరుకు మీద బతికేవాడే. "బరువైపోద్దండి" అని ఒకసారి చెప్తాడు. రెండోసారి చెప్తే రేపు మనం వేరే పడవని పిలుస్తామని వాడి భయం. ఆ భయం మనకి తెలుసు. తెలిసే "ఏం కాదులే" అంటాం.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఓడల యజమానులు ఇన్సూరెన్సు ఉంది కదా అని మోయలేనంత సరుకు ఎక్కించి పంపేవాళ్ళు. మునిగితే పోయేది నావికుల ప్రాణాలు. శామ్యూల్ ప్లిమ్సోల్ అనే పార్లమెంటు సభ్యుడు దాని మీద ఏళ్ళ తరబడి పోట్లాడితే 1876లో చట్టం వచ్చింది, ఓడ పక్కన గీత గీయాలని. ఈ రోజుకీ పెద్ద ఓడల మీద ఆ గీత ఉంటుంది. ఎక్కించేవాడి నోటి మాట కాదు, గీత మాట చెల్లాలి, అదీ దాని అర్థం.

మన పడవకి అలాంటి గీత మనమే గీసుకోవచ్చు. ఇంజను కోత పల్లానికి ఒక జానెడు కింద, వెనక చెక్కకి బయట వైపు, రెండు పక్కలా కనిపించేలా ఎర్ర పెయింటుతో గీత. సరుకు, మనుషులు అందరూ ఎక్కాక, నిలకడ నీటిలో ఆ గీత మునిగితే పడవ కదలదు. ఎవరి సరుకైనా సరే, ఎంత వరద వస్తున్నా సరే. మిగిలింది రెండో ట్రిప్పులో వస్తుంది, ఆ ట్రిప్పు డబ్బులు సరుకు వాడే ఇవ్వాలి, బేరం ఆడకూడదు. లీటరో రెండు లీటర్లో పెట్రోలు ఖర్చు. పది గెలలు పోయినా అంతకంటే పెద్ద నష్టం లేదు. మనిషి పోతే ఏ హెచ్చరికా, ఏ నష్టపరిహారమూ వెనక్కి తేలేదు.

వరద తొందరలో ఇది కుదరదని మీరంటారు. నిజమే, ఆ రోజు ఎవరికీ బుర్ర పనిచేయదు. అందుకే ఇప్పుడు, గోదారి చల్లగా ఉన్నప్పుడే గీయమంటున్నాను. రేవుకి ఒక డబ్బా పెయింటు చాలు. లైఫ్ జాకెట్లు కూడా కొని పడవలో దాచకండి, ఎక్కేముందు తొడుక్కోండి, ముందుగా కూలికి వచ్చిన ఆడవాళ్ళకి తొడిగించండి.

కచ్చులూరు దగ్గర 2019లో పెద్ద బోటు మునిగినప్పుడు మా రేవులో అందరం నెల్లాళ్ళు బోట్ల గురించే మాట్లాడుకున్నాం. మనం రోజూ ఎక్కే ఈ చిన్న పడవ గురించి మాత్రం ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు.

చివరగా ఒకటి. ఆ రోజు మునిగిన ఇంజను విప్పించి బాగుచేయించడానికి అయిన డబ్బులు ఆ అబ్బాయే కట్టుకున్నాడు. ఏడాది తర్వాత సిగ్గేసి నేను ఇచ్చాను, తొట్టి కట్టించింది కూడా వాడి పడవకే. కానీ డబ్బు ఇచ్చానే గానీ, రేవులో అందరి ముందూ చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఇప్పుడు ఈ పోస్టులో చెప్తున్నాను. తమ్ముడూ, ఆ రోజు తప్పు నీది కాదు, నాది. ఆ పది గెలలవి.

ఈ ఆదివారం పొద్దున్న మా రేవులో గీతలు గీస్తున్నాం. మీ రేవులో ఎప్పుడు గీస్తారో మీరే చెప్పండి.

ఉంటానండి.